సైన్యం కోసం చిన్న నిఘా డ్రోన్: విశాఖ నుంచి ప్రభుత్వ గ్రాంటుతో నమూనా తయారు చేయడం ఎలా?

అరచేతిలో పట్టే నిఘా డ్రోన్‌ను ఎగరేయడం ఒక ఎత్తు, దాన్ని సైన్యం చేతికి ఇవ్వగలిగేలా తీర్చిదిద్దడం మరో ఎత్తు. ఈ రెండో పనికి రక్షణ శాఖ డబ్బిస్తోంది. తూర్పు నౌకాదళ కమాండ్ ప్రధాన స్థావరం, డీఆర్‌డీవో వారి నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్, ఆంధ్ర విశ్వవిద్యాలయం అన్నీ ఒకే ఊళ్లో ఉన్న విశాఖలో ఈ పని తలకెత్తుకునే జట్లకు కొదవలేదు. ఎగిరే నమూనా చేసిన జట్లు కూడా మధ్యలో ఆగిపోతుంటాయి. వాటిని ఆపేది చాలాసార్లు కాగితం మీద సరిగా రాయని బరువుల లెక్క, నిధుల లెక్క.

అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 1997లో మైక్రో విమానాల కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు పెట్టిన ప్రధాన షరతు ఒక్కటే: ఏ వైపు కొలిచినా 15 సెంటీమీటర్లు దాటకూడదు. ఆ ఒక్క గీత లోపల ఏరోవైరాన్‌మెంట్ సంస్థ దాదాపు 80 గ్రాముల బ్లాక్ విడోను అరగంట ఎగిరేలా చేసింది. అదే సంస్థ డార్పా నిధులతోనే 19 గ్రాముల నానో హమ్మింగ్‌బర్డ్‌ను 2011లో చూపించింది. నార్వేలో పుట్టిన 16 గ్రాముల బ్లాక్ హార్నెట్ అఫ్గానిస్థాన్‌లో బ్రిటిష్ సైనికుల జేబుల్లోకి చేరింది. మన దేశంలోనూ డీఆర్‌డీవో, శాస్త్ర సాంకేతిక శాఖ కలిసి మైక్రో విమానాల జాతీయ కార్యక్రమం నడిపాయి. బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థలు ఎన్‌ఏఎల్, ఏడీఈ అందులో 300 మిల్లీమీటర్ల స్థాయి బ్లాక్ కైట్, గోల్డెన్ హాక్, పుష్పక్‌లను రూపొందించాయి. మీ ప్రతిపాదనలోనూ అలాంటి గట్టి గీత ఒకటి ఉండాలి. బరువో, పరిమాణమో, ఎగిరే సమయమో, ఏదో ఒకటి కదలకూడదు. మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవాలి.

1. ఏ తలుపు తట్టాలో తేల్చుకోండి

మొదటిసారి వెళ్లే స్టార్టప్‌కు సరిపోయే తలుపు ఐడెక్స్, అంటే రక్షణ రంగంలో కొత్త ఆవిష్కరణలకు గ్రాంటు ఇచ్చే రక్షణ శాఖ పథకం. 2018లో మొదలైన ఈ పథకాన్ని ప్రభుత్వ రంగ రక్షణ కంపెనీలు హెచ్‌ఏఎల్, బీఈఎల్ కలిసి పెట్టిన డిఫెన్స్ ఇన్నోవేషన్ ఆర్గనైజేషన్ నడుపుతోంది. డిస్క్ అనే పోటీ పేరుతో త్రివిధ దళాలు తమ సమస్యలను ప్రకటిస్తాయి. ఎంపికైతే కోటిన్నర వరకు గ్రాంటు వస్తుంది. ఐడెక్స్ ప్రైమ్‌లో 10 కోట్ల వరకు, 2024లో వచ్చిన అదితిలో 25 కోట్ల వరకు ఇస్తారు. మీ దగ్గర సొంత ఆలోచన ఉండి ప్రకటించిన సమస్యల్లో అది లేకపోతే ఓపెన్ ఛాలెంజ్ ఉంది.

డీఆర్‌డీవో వారి టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్ ఇంకో తలుపు. ప్రాజెక్టుకు 50 కోట్ల వరకు, ఖర్చులో 90 శాతం వరకు ఇస్తుంది. అక్కడ సమస్యను డీఆర్‌డీవో ఇస్తుంది, మేధో హక్కులు ఉమ్మడిగా ఉంటాయి. యంత్రాలు, మనుషులు ఇప్పటికే ఉన్న కంపెనీకి అది నప్పుతుంది. పరిశోధన చేసే అధ్యాపకులైతే ఏరోనాటిక్స్ పరిశోధన బోర్డు, నావల్ రీసెర్చ్ బోర్డుల ప్రాజెక్టులు చూడాలి. రెక్కల మీద గాలి ప్రవాహం, నియంత్రణ సూత్రాలు లాంటి మౌలిక పనికి అవే సరైనవి.

ఐడెక్స్‌కు డీపీఐఐటీ (స్టార్టప్‌లకు గుర్తింపు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ విభాగం) గుర్తింపు ఉన్న స్టార్టప్ గానీ, ఎంఎస్ఎంఈ గానీ, వ్యక్తిగత ఆవిష్కర్త గానీ దరఖాస్తు చేయవచ్చు. ఎంఎస్ఎంఈగా గుర్తింపు ఇచ్చే ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు, ఏజెంటుకు డబ్బు కట్టొద్దు. కంపెనీ పేరు పాన్‌లో, జీఎస్టీలో, బ్యాంకు ఖాతాలో అక్షరం తేడా లేకుండా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఒప్పందం దగ్గర ఆ ఒక్క అక్షరమే వారాలు తినేస్తుంది.

డబ్బు విషయంలో ఒకటి బాగా గుర్తుంచుకోవాలి. ఐడెక్స్ గ్రాంటు మీ వాటాతో జోడీగా వస్తుంది, అదీ విడతల్లో, ఒక్కో మైల్‌స్టోన్ (ముందే ఒప్పుకున్న పని దశ) పూర్తయ్యాక. ప్రభుత్వం కోటిన్నర ఇస్తోందనే ధైర్యంతో చేతిలో రూపాయి లేకుండా దిగితే రెండో విడత రాకముందే జీతాలు ఆగుతాయి. కనీసం నాలుగు నెలల జీతాలు, మొదటి విడిభాగాల ఖర్చు మీ దగ్గర ఉంటేనే సంతకం చేయండి.

2. వాడేవారి అవసరం మాటల్లో కాదు, అంకెల్లో రాయించుకోండి

"తేలిగ్గా ఉండాలి, ఎక్కువసేపు ఎగరాలి" అనే వాక్యం మీద పని మొదలుపెట్టొద్దు. ఎంత దూరం, ఎంత గాలిలో, రాత్రా పగలా, ఎంత దూరం నుంచి మనిషిని గుర్తించాలి, ఎన్ని నిమిషాల్లో సంచిలోంచి తీసి ఎగరేయాలి అని ప్రశ్నలు రాసి, నియమించిన నోడల్ అధికారికి అధికారిక మార్గంలోనే పంపండి. జవాబులు ఫైల్లో ఉండాలి. ఫోన్లో చెప్పింది ట్రయల్ రోజున ఎవరికీ గుర్తుండదు.

నౌకాదళానికి చేసేటప్పుడు నేల మీద పనికొచ్చిన ఊహలు మూడు చోట్ల దెబ్బతింటాయి. ఉక్కు డెక్ మీద అయస్కాంత దిక్సూచి తప్పు దిక్కు చూపిస్తుంది. ఎగరడానికి ముందు అక్కడే క్యాలిబ్రేట్ చేస్తే తప్పు ఇంకా స్థిరపడిపోతుంది. రెండు జీఎన్‌ఎస్‌ఎస్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహ స్థాన వ్యవస్థ) యాంటెన్నాలతో దిక్కు లెక్కగట్టడమో, పైకి లేచాక కదలికను బట్టి దిక్కు తెలుసుకునే పద్ధతో పెట్టుకోవాలి. చిన్న డ్రోన్ మీద రెండు యాంటెన్నాలకు చోటు దొరకదు కాబట్టి సాధారణంగా రెండోదే దారి. ఇక "తిరిగి ఇంటికి రా" అనే ఆదేశం. డ్రోన్ బయలుదేరిన చోటికి బుద్ధిగా తిరిగొస్తుంది, ఓడ మాత్రం అక్కడ ఉండదు. ఓడ మీది గ్రౌండ్ స్టేషన్ తన స్థానాన్ని నిరంతరం పంపుతూ ఉండాలి, లింకు తెగితే చివరి వేగం, దిశలతో డ్రోనే అంచనా వేయాలి. మూడోది, ఊగే డెక్. నేల స్థిరంగా ఉందనుకునే ల్యాండింగ్ లాజిక్ అక్కడ మోటార్లను సమయానికి ఆపలేదు. వలలో పట్టడమో, చేత్తో అందుకోవడమో మొదటి నమూనాకు చాలు.

3. బరువుల పట్టిక వేయండి, తర్వాతే డిజైన్

భారత డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్. ఉదాహరణకు 250 గ్రాముల నాలుగు రెక్కల డ్రోన్ తీసుకుందాం:

- రెండు 18650 లిథియం అయాన్ సెల్స్: 95 గ్రా.
- నాలుగు మోటార్లు: 36 గ్రా.
- 3 అంగుళాల ప్రొపెల్లర్లు నాలుగు: 6 గ్రా.
- ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్‌ను నడిపే చిన్న కంప్యూటర్), ఈఎస్‌సీ (మోటార్ల వేగాన్ని నియంత్రించేది) ఒకే బోర్డు మీద: 14 గ్రా.
- కార్బన్ ఫైబర్ ఫ్రేమ్: 35 గ్రా.
- కెమెరా, దాని స్థిరీకరణ: 25 గ్రా.
- రేడియో, యాంటెన్నా: 12 గ్రా.
- జీఎన్‌ఎస్‌ఎస్: 8 గ్రా.
- వైర్లు, కనెక్టర్లు, స్క్రూలు: 9 గ్రా.
- నిల్వ: 10 గ్రా.

చివరి వరుసను ఎవరినీ ముట్టుకోనివ్వొద్దు. తడి తట్టుకునే పూత, యాంటెన్నా కేబులు, విద్యుత్ జోక్యం తగ్గించడానికి చివర్లో తగిలించే ఫెరైట్ ముక్కలు అన్నీ అందులోంచే పోతాయి.

ఇప్పుడు శక్తి లెక్క. ఈ బరువును ఈ ప్రొపెల్లర్లతో గాల్లో నిలపడానికి సిద్ధాంతం ప్రకారం సుమారు 18 వాట్లు చాలు. ప్రొపెల్లర్, మోటార్, ఈఎస్‌సీ నష్టాలన్నీ కలిపితే నిజంగా 45 వాట్ల పైమాటే. కెమెరా, రేడియోలకు ఇంకో 4 కలిపి 50 అనుకోండి. రెండు సెల్స్‌లో దాదాపు 21 వాట్ అవర్లు, అందులో వాడదగ్గది 80 శాతం. అంటే ఎగిరే సమయం 20 నిమిషాలు. బరువు 10 శాతం పెరిగితే నిలిపే శక్తి 15 శాతం పెరుగుతుంది. అదనపు సెల్ పెట్టినంత మాత్రాన సమయం అదే నిష్పత్తిలో పెరగకపోవడానికి కారణం ఇదే.

నిలబడి ఉన్నప్పుడు సెల్స్ నుంచి 7 ఆంపియర్లు లాగుతుంది. గాలికి ఎదురెళ్తూ పైకెక్కితే అది రెట్టింపవుతుంది. సెల్ 10 ఆంపియర్లకే తట్టుకునేదైతే వోల్టేజీ ఒక్కసారి పడిపోయి ఫ్లైట్ కంట్రోలర్ రీబూట్ అవుతుంది, డ్రోన్ రాయిలా పడుతుంది. కాబట్టి సెల్స్ కొనేముందు సామర్థ్యంతో పాటు నిరంతర డిశ్చార్జి రేటు చూడండి. కొన్న ప్రతి సెల్‌ను లోడు మీద పెట్టి వోల్టేజీ రాసుకోండి.

4. ప్రతి విడిభాగానికి పుట్టుక రాయండి

2025 ఫిబ్రవరిలో రక్షణ శాఖ 400 డ్రోన్ల కాంట్రాక్టులను చైనా విడిభాగాల కారణంగా రద్దు చేసింది. డ్రోన్ మొత్తాన్ని దిగుమతి చేసుకోవడం 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం, పరిశోధన, రక్షణ అవసరాలకు మినహాయింపులున్నాయి. విడిభాగాల దిగుమతికి అడ్డు లేదు కాబట్టి ప్రమాదం కనిపించకుండా లోపలికి వస్తుంది. డీలరు బిల్లు మీద హైదరాబాద్ చిరునామా ఉన్నా లోపలి చిప్ ఎక్కడిదో ఆ బిల్లు చెప్పదు.

విడిభాగాల జాబితాలో భాగం పేరు, తయారీదారు, తయారైన దేశం, రుజువు పత్రం, ప్రత్యామ్నాయం అనే అయిదు నిలువు గడులు మొదటి రోజే పెట్టండి. ఎక్కువ ఇబ్బంది మూడింట వస్తుంది: వీడియో రేడియో, కెమెరా మాడ్యూల్, మోటార్లు. మోటార్లలోని నియోడిమియం అయస్కాంతాల సరఫరాలో చైనాదే పైచేయి. 2025 ఏప్రిల్లో కొన్ని అరుదైన ఖనిజాల ఎగుమతిపై అక్కడ నియంత్రణ పెట్టాక సరుకు ఎప్పుడొస్తుందో చెప్పడం కష్టమైంది. నమూనాకు కావలసిన దానికంటే రెట్టింపు మోటార్లు ముందే తెప్పించుకోండి. ఆర్డుపైలట్, పీఎక్స్4 లాంటి ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ (ఫ్లైట్ కంట్రోలర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్) వాడితే మీరే కంపైల్ చేయండి. ఏ డ్రోన్‌లో ఏ వెర్షన్ ఉందో రిజిస్టరులో ఉండాలి.

5. ఎక్కడ, ఎప్పుడు ఎగరేయాలి?

విశాఖ పాత విమానాశ్రయం నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ఉంది. గాజువాక, ఎన్‌ఏడీ, గోపాలపట్నం పరిసరాల్లో "ఖాళీ స్థలమే కదా" అని ఎగరేయడం కుదరదు. భీమిలి వైపు ఐఎన్ఎస్ కళింగ ఉంది. ఇంకా పైకి భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం ఉంది. సబ్బవరం, చోడవరం వైపు పొలాలు చూడండి, అక్కడ కూడా ప్రభుత్వ డ్రోన్ గగనతల పటం డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆకుపచ్చగా (ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల జోన్) ఉందో లేదో ఆరోజు పొద్దున్నే చూసి స్క్రీన్‌షాట్ దాచుకోండి.

2021 డ్రోన్ నిబంధనలు డీపీఐఐటీ గుర్తింపు ఉన్న స్టార్టప్‌లకు, జీఎస్టీ ఉన్న తయారీదారులకు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న పరిశోధన సంస్థలకు పరిశోధన కోసం టైప్ సర్టిఫికెట్ (డ్రోన్ మోడల్‌కు ఇచ్చే ధ్రువీకరణ), విశిష్ట గుర్తింపు సంఖ్య, పైలట్ లైసెన్సుల నుంచి మినహాయింపు ఇస్తున్నాయి. అయితే అది ఆకుపచ్చ జోన్‌లో, మీ ఆవరణలో లేదా మీ అధీనంలో ఉన్న ఖాళీ స్థలంలో మాత్రమే. పొలం యజమానితో రాతపూర్వక అద్దె ఒప్పందం ఉంటేనే "మీ అధీనం" అని చూపించగలరు. నౌకాదళ స్థావరాలు, ఓడరేవు, రిఫైనరీ కెమెరాలో పడే దిక్కుకు పరీక్ష ఎగురుడు వద్దే వద్దు.

సముద్రపు గాలి మధ్యాహ్నానికి బలపడుతుంది. మొదటి ట్యూనింగ్ అంతా తెల్లవారుజామున చేసి, గాలి పరీక్షలను కావాలనే మధ్యాహ్నం పెట్టండి. డ్రోన్ గరిష్ఠ వేగం సెకనుకు 12 మీటర్లు, ఎదురుగాలి 8 మీటర్లు అయితే కిలోమీటరు దూరం నుంచి తిరిగి రావడానికి 250 సెకన్లు పడుతుంది. గాలి లేనప్పుడు 83 సెకన్లే. బ్యాటరీ హెచ్చరికను ఈ మొదటి అంకెతో పెట్టాలి.

6. ఉప్పు, తేమ, ల్యాబ్

సైన్యం పరీక్షల్లో జేఎస్ఎస్ 55555, మిల్-స్టాండర్డ్ 461 పేర్లు వినిపిస్తాయి. మొదటిది వేడి, చలి, కంపనం, ఉప్పు పొగమంచు లాంటి వాటికి. రెండోది విద్యుదయస్కాంత జోక్యానికి. చిన్న డ్రోన్‌లో ఈఎస్‌సీ, జీఎన్‌ఎస్‌ఎస్ యాంటెన్నా వేలెడు దూరంలో ఉంటాయి కాబట్టి 461 దగ్గరే ఎక్కువ నమూనాలు తడబడతాయి. ల్యాబ్‌కు వెళ్లకముందే మోటార్లు నిశ్చలంగా ఉన్నప్పుడు, పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఉపగ్రహాల సిగ్నల్ బలం పోల్చండి. తేడా కనిపిస్తే వైర్లు మెలిపెట్టి, యాంటెన్నా కింద రాగి రేకు వేసి మళ్లీ చూడండి.

బోర్డులకు తడి నిరోధక పూత వేసేటప్పుడు గాలి ఒత్తిడితో ఎత్తు కొలిచే బారోమీటర్ రంధ్రాన్ని, కనెక్టర్లను టేపుతో మూసి వేయాలి. రంధ్రంలోకి పూత దిగితే ఎత్తు రీడింగు తప్పుతుంది, కారణం వెతకడానికి రోజులు పడుతుంది. మోటారు బేరింగులను మాత్రం ఏ పూతా కాపాడదు. ఉప్పు గాలిలో ఎగిరిన ప్రతిసారీ తుడిచి, బేరింగు గరగర విని, మార్చాల్సినప్పుడు మార్చాలి. ల్యాబ్ స్లాట్ నమూనా సిద్ధమయ్యాక కాదు, డిజైన్ ఖరారైన రోజే బుక్ చేయండి. ల్యాబ్‌కు రెండు సెట్లు పంపండి, ఒకటి చెడితే రెండోది ఉంటుంది.

7. మైల్‌స్టోన్లు రాయడం

"డ్రోన్ 50 శాతం పూర్తి" అని రాస్తే దాన్ని ఎవరూ కొలవలేరు, విడత ఆగుతుంది. "248 గ్రాముల నమూనా, సెకనుకు 6 మీటర్ల గాలిలో 15 నిమిషాలు, లాగ్ ఫైల్, వీడియో సహా" అని రాయండి. మొదటి మైల్‌స్టోన్ చిన్నదిగా, తప్పకుండా దాటగలిగేదిగా ఉండాలి. బరువుల పట్టిక, విడిభాగాల పుట్టుక పట్టిక దానికి చాలు. రెండోది కట్టి ఉంచిన ఎగురుడు, మూడోది బయట ఎగురుడు, నాలుగోది ల్యాబ్ నివేదికలు, చివరిది వాడేవారి ట్రయల్. గ్రాంటుకు వేరే బ్యాంకు ఖాతా పెట్టండి. ప్రతి బిల్లు మీద ఏ మైల్‌స్టోన్ కిందిదో అదే రోజు రాయండి. గ్రాంటు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ కోసం ఆడిటరు అడిగేది సరిగ్గా అదే.

ట్రయల్‌కు మూడు డ్రోన్లు, పది సెట్ల ప్రొపెల్లర్లు, ఛార్జ్ చేసి నంబరు వేసిన ఆరు బ్యాటరీలు తీసుకెళ్లండి. డ్రోన్‌ను మీ ఇంజినీరు కాకుండా వాడబోయే సైనికుడి చేత ఎగరేయించండి. అతను ఎక్కడ తడుముకుంటే ఆ బటన్, ఆ మెనూ అక్కడికక్కడే రాసుకోండి.