నువ్వుల నూనె సీసాకి చేతిరాత లోగో: కాగితం నుంచి ప్రెస్సు దాకా

గానుగ నూనె లేబుల్ మీద పేరు చేత్తో రాసినట్టు ఉండాలంటే చాలామంది డిజైనర్లు చేసే పని ఒకటే. బాపు ఫాంటు పెట్టి, దాని మీద గరుకు టెక్స్చర్ ఒకటి పరుస్తారు. ఆ ఫాంటుకి వంక పెట్టలేం, కానీ శుభలేఖల నుంచి టిఫిన్ సెంటర్ బోర్డుల దాకా చూసీ చూసీ కళ్లకు అలవాటైపోయింది. పైగా మామూలు ఫాంటులో ఒకే అక్షరం రెండుసార్లు వస్తే రెండూ అచ్చుగుద్దినట్టు ఉంటాయి. చెయ్యి అలా రాయదు. ఆ తేడాని కన్ను ఇట్టే పట్టేస్తుంది, టెక్స్చర్ ఎంత పూసినా దాగదు.

"నువ్వుల నూనె" అన్న మాటనే తీసుకోండి. ఐదక్షరాల్లో నకారం మూడుసార్లు వస్తుంది: ను, నూ, నె. మొదటి రెండింటికీ తలకట్టు ఉంది, మూడోదానికి తలకట్టు పోయి ఎత్వం వచ్చింది. ఈ మూడూ అక్కచెల్లెళ్లలా ఉంటే చాలు, కవలల్లా ఉండకూడదు. అసలు కష్టం "వ్వు" దగ్గర. మామూలుగా కొమ్ము అక్షరానికి కుడిపక్కన తగులుతుంది. వకారానికీ అలాగే తగిలిస్తే అది మకారం అయిపోతుంది. అందుకే "వు"లో కొమ్ము కిందికి దిగుతుంది. ఇక్కడ వ వత్తు కూడా కిందే చోటు అడుగుతుంది. రెండిటికీ ముందే జాగా వదలకపోతే ముద్దైపోతాయి. కాగితం మీద పెన్సిలుతో మూడే గీతలు గీసుకోండి: అక్షరం పైకొస, అడుగు, వత్తు దిగే హద్దు. కింది గడి ఎత్తు కనీసం పై గడిలో మూడొంతుల్లో రెండొంతులైనా ఉండాలి. అక్షరాల్ని మాత్రం పెన్సిలుతో గీసుకోవద్దు. గీత మీద బ్రష్ నడిపితే చెయ్యి భయపడుతుంది, ఆ భయం అచ్చులోనూ కనిపిస్తుంది.

పనిముట్లు ఖరీదైనవి కానక్కర్లేదు. 8 నుంచి 10 మిల్లీమీటర్ల చదును బ్రష్, నల్ల ఇండియన్ ఇంకు, 120 జీఎస్ఎమ్ (కాగితం మందాన్ని చెప్పే బరువు లెక్క) పైన ఉండే కార్ట్రిడ్జ్ కాగితం, అంటే కాస్త గరుకుగా ఉండే డ్రాయింగ్ కాగితం చాలు. నున్నటి ఆర్ట్ పేపర్ మీద ఇంకు జారి అంచులు నున్నగా వస్తాయి, అప్పుడు చేత్తో రాసీ ప్రయోజనం లేదు. బ్రష్‌ని ఒకే వాలులో పట్టుకుని రాస్తే గుండ్రటి మలుపుల్లో లావూ సన్నం వాటంతట అవే వస్తాయి, మధ్యలో మణికట్టు తిప్పకండి. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు వాడే వెదురు కలం దొరికితే అదీ ప్రయత్నించండి. మొన దగ్గర చుట్టిన గుడ్డ రంగు పీల్చుకుని, నొక్కేకొద్దీ వదులుతుంది. అక్షరాల కంటే బొమ్మలకి అది బాగా ఒదుగుతుంది. మీ ఊళ్లో ఇంకా గోడరాతలు రాసే ఆర్టిస్టు ఉంటే ఆయన చేతే రాయించండి, మీకంటే బాగా రాస్తాడు. డబ్బులు మాత్రం ఒక్క ఫైలుకి కాదు, రాసిన కాగితాలన్నిటికీ కలిపి మాట్లాడుకోండి.

ఎంత పెద్దగా రాయాలన్నది చాలామంది పట్టించుకోరు. లేబుల్ మీద పేరు 70 మిల్లీమీటర్ల వెడల్పు రావాలనుకుంటే, కాగితం మీద 200 దాకా రాయండి, అంటే సుమారు మూడింతలు. అప్పుడు అంచున 1 మిల్లీమీటరు గరుకుదనం అచ్చులో మూడోవంతు అవుతుంది, కంటికి అందుతుంది. పదింతలు పెద్దగా రాస్తే ఆ గరుకు 0.1కి పడిపోయి అంచు ఫాంటులాగే నున్నబడుతుంది.

ఒక్క కూర్చోడంలో 30, 40 సార్లు రాయండి. మొదటి పదీ బిగుసుకుని ఉంటాయి, ఎవరికైనా అంతే. చివరి పది అలసటతో జారతాయి. పనికొచ్చేది మధ్యలో దొరుకుతుంది. ఒక కాగితంలో అంతా బాగుండి "నె" ఒక్కటే చెడితే ఇంకోదాంట్లోంచి తెచ్చి అతికించొచ్చు, అయితే అదే రోజు, అదే బ్రష్‌తో, అదే సైజులో రాసినదై ఉండాలి. లేకపోతే ఇంకు చిక్కదనంలోనే అతుకు తెలిసిపోతుంది.

ఇంకు పూర్తిగా ఆరాక 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), గ్రేస్కేల్‌లో స్కాన్ చేసి టిఫ్‌గానో పీఎన్‌జీగానో దాచుకోండి. జేపెగ్ వద్దు, అంచుల చుట్టూ దుమ్ములాంటి చుక్కలు వస్తాయి. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో, స్కాన్ బొమ్మని గీతలుగా మార్చే ట్రేస్ బిట్‌మ్యాప్ తెరిచి బ్రైట్‌నెస్ హద్దు 0.5 దగ్గర మొదలుపెట్టండి. తక్కువైతే పొడిబ్రష్ గీతలు మాయమవుతాయి, ఎక్కువైతే నకారం పొట్ట పూడుకుపోతుంది. చిన్న మచ్చల్ని వదిలేసే స్పెకిల్స్‌ని 20 పెట్టండి. 600 డీపీఐలో మొత్తం 20 పిక్సెళ్లున్న మచ్చ అంటే మిల్లీమీటరులో అయిదోవంతు వెడల్పే, లేబుల్ సైజుకి తగ్గాక అది ఎలాగూ అచ్చుకి రాదు. స్మూత్ కార్నర్స్‌ని 1 నుంచి 0.6 దాకా దించండి. దించకపోతే మూలలన్నీ అరిగిన సబ్బుబిళ్లలా వస్తాయి. నోడ్లు (గీత వంపుల్ని పట్టి ఉంచే చుక్కలు) వేలల్లో కనిపించగానే, వాటిని ఒక్కసారే తగ్గించే సింప్లిఫై నొక్కాలనిపిస్తుంది. నొక్కారో, పొద్దుటి నుంచి పడ్డ కష్టమంతా ప్లాస్టిక్ అయిపోతుంది. అడ్డొచ్చిన నోడ్లని చేత్తోనే తీసెయ్యండి.

దిద్దాల్సింది చదవడానికి అడ్డొచ్చేదాన్నే: పూడిన పొట్ట, తలకట్టుకి తగిలిన గీత, కొమ్ములో కలిసిపోయిన వత్తు. గీత లావులో తేడా, ఒక అక్షరం వెంట్రుకవాసి పైకి లేవడం, చివర్లో ఇంకు తగ్గి తెల్లచారలు పడడం, ఇవన్నీ ఉంచెయ్యండి. వాట్సాప్ డీపీలాంటి చిన్న చోట్లకి మాత్రం వేరే కాగితం కావాలి. పొడిచారలు లేకుండా, పొట్టలు వెడల్పుగా మళ్లీ రాయండి. పెద్దదాన్ని కుదిస్తే మరకలా కనిపిస్తుంది.

చుట్టూ నువ్వు గింజలు చల్లినట్టు వేయాలంటే ఒక్కో గింజనీ బ్రష్ మొనతో విడిగా వెయ్యండి, ఓ 60 అయినా. అయిదు గీసి కాపీ కొడితే, వాటిలో కాస్త వంకరగా ఉన్నది ప్రతి రెండంగుళాలకీ కనిపించి పట్టిచ్చేస్తుంది. రంగు, నల్లగీత నుంచి 0.5 మిల్లీమీటరు పక్కకి జరిగినట్టు ఉండే పాతకాలపు అచ్చు అందం కావాలంటే, అన్నిటినీ ఒకే దిక్కుకి జరపండి. నిజం ప్రెస్సులో రంగు ప్లేటు మొత్తంగా జరుగుతుంది, తలో దిక్కుకీ జరగదు. నలుపుని ఓవర్‌ప్రింట్‌లో, అంటే కింది రంగుని కత్తిరించకుండా దాని మీదే అచ్చయ్యేలా పెట్టమని ప్రెస్సువాళ్లకి రాసివ్వండి, లేకపోతే వాళ్ల మిషన్ జరిగిందానికి మీరు జరిపింది తోడై తెల్లసందులు తేలతాయి.

నికర బరువు, ధర, పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు, వాడాల్సిన తేదీ, ఇవన్నీ మండలి లాంటి సాదా ఫాంటులోనే ఉండాలి. అక్కడ చేతిరాత అందం కాదు, ఇబ్బంది. రంగు మీద తెల్లగా వదిలే గీతలు 0.4 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూసుకోండి, ఇంకు పాకి మూసుకుపోతాయి.

చివరగా లేబుల్ కాగితం. ఈ రకం డిజైన్ అనగానే గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం మీదికి మనసు పోతుంది. నూనె సీసాకి అది పనికిరాదు. మూత దగ్గర కారిన ఒక్క బొట్టుకే నూనె పీల్చుకుని మరకలు తేలుతుంది, ముదురు కాగితం మీద మీ పొడిబ్రష్ చారలు కూడా సగం కలిసిపోతాయి. తెల్లటి పాలీప్రొపిలీన్ (ప్లాస్టిక్) స్టిక్కరు మీద మెరుపులేని మ్యాట్ లామినేషన్ వేయించండి. మొత్తం వేయించే ముందు ఒక్క లేబుల్ సీసాకి అంటించి, దాని మీద నూనె రాసి, మర్నాడు తుడిచి చూడండి.