రోహిణి కార్తెలో పాత స్పోర్ట్స్ కారు: లోపల వేడెక్కితే ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

మే నెల రాగానే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా పాత టూసీటర్ ఉన్నవాళ్లు అడిగేది ఒకటే: "దీనికి ఏసీ పెట్టించుకోవచ్చా?" పెట్టించుకోవచ్చు. కానీ కిందనుంచి వేడి తన్నుకొస్తుంటే పైనుంచి చల్లగాలి వదలడం డబ్బు తగలేసుకోవడమే. ఎంజీబీ (పాత ఇంగ్లీషు టూసీటర్ స్పోర్ట్స్ కారు) లాంటి కార్లు ఇంగ్లండు చలికి తగ్గట్టు తయారైనవి. లోపల వెచ్చగా ఉండటమే వాటికి సుఖం. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారుచేసిన హెరాల్డ్ కూడా ఆ ఇంగ్లీషు డిజైనే. టాపు కోయించి కన్వర్టిబుల్‌గా మార్చుకున్నవి ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి.

ఈ కార్లలోకి వేడి పైనుంచి ఎండ వల్ల వస్తుంది, ముందునుంచి ఇంజను వల్ల వస్తుంది, కిందనుంచి సైలెన్సర్ పైపు వల్ల వస్తుంది. ఏది ఎక్కువో తేల్చుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. తెల్లవారుజామున ఐదింటికి, సూర్యుడు రాకముందే బండి తీసి అరగంట నడపండి. మైపాడు బీచ్ దాకా వెళ్లొస్తే సరిపోతుంది. అప్పుడు కూడా పాదాలు చుర్రుమంటుంటే ఎండను తిట్టి లాభం లేదు, తప్పు బండిలో ఉంది. పొద్దున హాయిగా ఉండి మధ్యాహ్నమే ఉడికిపోతుంటే పార్కింగు, టాపు, అద్దాల సంగతి చూసుకోవాలి. ఏసీ ఆలోచన ఈ రెండూ అయ్యాకే.

సమస్య: పొద్దున్నే కూడా కాళ్ల దగ్గర వేడి

అన్నిటికంటే ముందు హీటర్ చూడండి. మన జిల్లాల్లో హీటర్ ఆన్ చేసేవాళ్లెవరూ ఉండరు కాబట్టి అది ఉందన్న సంగతే మర్చిపోతాం. ఎంజీబీలో సిలిండర్ హెడ్ వెనకవైపున హీటర్ వాల్వ్ ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీది నాబ్ తిప్పితే కేబుల్ దాన్ని మూయాలి. ఏళ్ల తరబడి కదలకపోతే వాల్వ్ సగం తెరిచిన చోటే బిగుసుకుపోతుంది, లేదా లోపలి రబ్బరు పోతుంది. అప్పుడు నాబ్ ఆఫ్‌లో ఉన్నా వేడినీళ్లు హీటర్లోకి వెళ్తూనే ఉంటాయి, మీ మోకాళ్ల ముందు ఒక చిన్న రేడియేటర్ మండు వేసవిలో పనిచేస్తూనే ఉంటుంది.

పట్టుకోవడం తేలిక. ఇంజను బాగా వేడెక్కాక ఆపేసి, నాబ్ ఆఫ్‌లో ఉంచి, హీటర్‌కు వెళ్లే పైపునూ తిరిగొచ్చే పైపునూ గుడ్డతో పట్టుకుని చూడండి. రెండూ ఒకేలా కాలుతుంటే నీళ్లు తిరుగుతున్నట్టే. వాల్వ్ మార్చాలి. అది దొరికేలోపు హీటర్‌ను పక్కన పెట్టి ఒక హోస్ ముక్కతో వెళ్లే పైపును వచ్చే పైపుకు కలిపేయవచ్చు. ఏ షెడ్డుకు వెళ్లినా "హీటరా? మనూళ్లో దాంతో పనేందన్నా, పీకేద్దాం" అంటారు. పీకనివ్వకండి. టంగుటూరు టోల్‌గేట్ దగ్గర క్యూలో ఇంజను టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పోతున్నప్పుడు హీటర్ ఫుల్లుగా పెట్టి బ్లోయర్ వేస్తే కాసేపు ఇంజనును కాపాడుతుంది. మీకు చెమటలు కారతాయి, హెడ్ ప్యాకింగ్ మాత్రం మిగులుతుంది.

హీటర్ బాగానే ఉంటే ఇంజనుకీ కాళ్లకీ మధ్యనుండే రేకుగోడలో కంతలు వెతకండి. క్లచ్చి, స్పీడోమీటర్ కేబుల్, వైరింగ్, స్టీరింగ్ రాడ్డు దూరే ప్రతిచోటా ఒకప్పుడు రబ్బరు గ్రోమెట్ (కంత సందును మూసే వలయం) ఉండేది. అది ఎండి, చిట్లి, ఎప్పుడో రాలిపోయుంటుంది. రాత్రిపూట ఫోన్ టార్చి వెలిగించి బానెట్ కింద గోడకు ఎదురుగా పెట్టి బానెట్ మూయండి. లోపల లైట్లన్నీ ఆర్పేసి డ్యాష్‌బోర్డు కింద తలపెట్టి చూడండి. స్టీరింగ్ రాడ్డు చుట్టూ పెన్సిలు దూరేంత సందులోంచి వెలుగు వస్తుంటే, రోజూ ఇంజను గాలి వస్తున్న దారీ అదే. పాత రేడియో వైరు కోసం ఎవరో డ్రిల్లు వేసి వదిలేసిన కంతలు కూడా అప్పుడే బయటపడతాయి. కొత్త గ్రోమెట్లు వేయించండి. వాడని కంతలకు చిన్న రేకుముక్క బిగించి వేడికి తట్టుకునే సిలికాన్ రాయండి. ఎం-సీల్ ముద్ద కుక్కేయడం మనవాళ్లకు అలవాటు. తర్వాత ఒక వైరు మార్చాలంటే ఉలితో కొట్టాల్సి వస్తుంది, వద్దు.

సమస్య: గేరు రాడ్డు దగ్గర, సీటు కింద కాలుతోంది

ఇది సైలెన్సర్ పైపు వేడి. ఈ కార్లు నేలకు దగ్గరగా ఉంటాయి, పైపు ఫ్లోరుకు దాదాపు ఆనుకుని పోతుంది. గేరు రాడ్డు కింద రబ్బరు బూటు చిరిగిందేమో ముందు చూడండి. చిరిగితే గేర్‌బాక్స్ చుట్టూ తిరిగే వేడిగాలి నేరుగా చేతికి తగులుతుంది. కొత్త బూటు కన్సోల్ కింద రేకుకు బిగుసుకుని కూర్చోవాలి. పైన కనిపించే లెదర్ కవర్ ముస్తాబుకే.

తర్వాత పైపుకూ ఫ్లోరుకూ మధ్య అల్యూమినియం రేకు షీల్డు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, షీల్డును ఫ్లోరుకే అతికించేయడం. రేకుకూ ఫ్లోరుకూ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి, అందులోంచి గాలి పోవాలి. అసలు పని చేసేది ఆ గాలే. పైపుకు గుడ్డపట్టీ చుట్టే పద్ధతి కూడా ఉంది కానీ సముద్రం పక్కనుండే మన ఊళ్లకు నేను చెప్పను. పట్టీ చెమ్మను పట్టి ఉంచుతుంది, మామూలు ఇనుప పైపు లోలోపల తుప్పుపట్టి పోతుంది.

లోపలివైపు కార్పెట్ ఎత్తినప్పుడు కింద పాత ఫెల్టు తడిగా, ముక్కిపోయిన వాసనతో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. మొత్తం తీసేసి, తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, ఆరాక అల్యూమినియం పూతున్న బ్యూటైల్ షీట్లు రోలర్‌తో అదిమి అతికించాలి. వాటి మీద ఏసీ డక్టులకు చుట్టే నల్ల నైట్రైల్ ఫోమ్ ఒక పొర వేస్తే చాలు. అది నీళ్లు పీల్చదు, ఏసీ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. చవకని తారు షీట్లు వేయించుకుంటే మన ఎండకు కరిగి కారంతా తారు కంపు. థర్మోకోల్ అసలే వద్దు, అంటుకుంటే ఆపలేరు.

ఇంతా చేసినా సీట్ల మధ్య గేర్‌బాక్స్ మీదుండే సొరంగం లాంటి రేకు కాలుతుంటే టైమింగ్, అంటే స్పార్కు పడే వేళ, చూపించండి. దీన్ని చాలామంది పట్టించుకోరు. స్పార్కును సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్ వెనక్కి జరిగి స్పార్కు ఆలస్యంగా పడితే మంట సిలిండర్లో పని చేయాల్సింది పోయి పైపులోకి పోతుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అచ్చమైన పెట్రోలుకు సెట్ చేసిన పాత కార్బురేటర్లో దానివల్ల పెట్రోలు-గాలి మిక్చర్ పలచబడి ఇంజను వేడిగా నడుస్తుంది. టైమింగ్ లైటు పెట్టి సరిచేసి, కార్బురేటర్ కొంచెం రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువ వచ్చేలా, తిప్పిస్తే ఫ్లోరు వేడిలో తేడా తెలుస్తుంది. పాత రబ్బరు పెట్రోలు పైపులను ఇథనాల్ తినేస్తుంది. వాటిని కూడా అప్పుడే మార్పించండి.

ఒక్క హెచ్చరిక. వేడితోపాటు పొగ వాసన, తలనొప్పి, మత్తు ఉంటే ఇంకేమీ చూడకుండా బండి ఆపండి. ఇంజనుకు సైలెన్సర్ పైపు కలిసే మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గర నల్లటి మసి చార ఉంటే పొగ లీకవుతున్నట్టు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా రంగూ ఉండవు, ప్రాణం తీస్తుంది. టాపు వేసి పక్క అద్దాలు మాత్రమే దించి నడిపినప్పుడు వెనకనుంచి పొగ లోపలికి తిరిగి రావడం ఈ కార్లలో మామూలే కాబట్టి డిక్కీ రబ్బరు కూడా బాగుండాలి.

సమస్య: టెంపరేచర్ ముల్లు లేచినప్పుడే లోపలా వేడి

మన దగ్గర దీనికి కారణం చాలాసార్లు నీళ్లే. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్, ఉప్పు సంగతి అందరికీ తెలిసిందే. తాగడానికి పనికిరాని ఆ నీళ్లను రేడియేటర్లో మాత్రం బిందెలకొద్దీ పోస్తాం. లోపల తెల్లటి పొలుసు కట్టి సన్నటి ట్యూబులు మూసుకుపోతాయి. ఇంజను ఆపాక రేడియేటర్‌ను పైనుంచి కిందికి చేత్తో తడమండి. మధ్యలో చల్లటి పట్టీ తగిలితే అక్కడ నీళ్లు పోవడం లేదు. పాత ఇత్తడి రేడియేటరైతే పైట్యాంకు విప్పి రాడింగ్ (ట్యూబుల్లో సన్న కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించవచ్చు. తర్వాత డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ మాత్రమే పోయండి. వేడిమీద మూత తీయకండి.

సమస్య: పొద్దున బాగుంటుంది, ఎండలో పెట్టి వస్తే కూర్చోలేం

ఎండను అద్దం దాటనివ్వకూడదు. లోపల పెట్టే వెండిరంగు సన్‌షేడ్ కంటే అద్దం పైన బయటనుంచి కప్పిన తెల్ల కాటన్ దుప్పటి మేలు. లోపలికొచ్చిన వేడిని మళ్లీ బయటికి పంపడం కష్టం. నల్ల ప్లాస్టిక్ కవర్లు కావలి, కొత్తపట్నం లాంటి ఊళ్లలో చెమ్మను లోపలే బంధించి పెయింటును బుడగలు తేలుస్తాయి. మధ్యాహ్నం తర్వాత ఆపాల్సి వస్తే భవనానికి తూర్పు పక్కన పెట్టండి, పొద్దు వాలేకొద్దీ నీడ పెరుగుతుంది. చెట్టు కింద పెట్టినా దుప్పటి తప్పదు, కాకిరెట్ట పాత పెయింటును తినేస్తుంది.

ఆపేటప్పుడు స్టీరింగ్‌ను సగం చుట్టు తిప్పి వదిలితే మీరు పట్టుకునే భాగం నీడలో ఉంటుంది. రెక్సిన్ సీట్ల మీద తెల్ల తువ్వాళ్లు పరవండి. తిరిగొచ్చాక అవతలి అద్దం దించి, ఇటుపక్క తలుపు నాలుగైదుసార్లు వేగంగా తెరిచి మూస్తే లోపలి ఉడుకుగాలి చాలావరకు బయటికి పోతుంది.

పదకొండు నుంచి నాలుగు దాకా టాపు దించి తిరగడం ఫొటోలకే. టాపు వేసి అద్దాలు దించుకోండి. కొత్త టాపు కుట్టించేటప్పుడు నలుపు కాకుండా లేత గోధుమరంగు అడగండి, లోపల లైనింగు కూడా వేయించండి. ముదురు ఫిల్ము జోలికి వెళ్లకండి. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని రూలు.

సమస్య: ఏసీ ఉంది, చల్లదనం లేదు

హైవే మీద చల్లగా ఉండి ట్రంక్ రోడ్డు ట్రాఫిక్‌లో వేడిగాలి వస్తుంటే గ్యాసు నింపమనకండి. గ్యాసు వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు గాలి చాలడం లేదు, ముందు ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టించండి. బయల్దేరినప్పుడు చల్లగా ఉండి గంట తర్వాత గాలే రాకపోతే లోపలి కాయిల్ మీద ఐస్ కట్టింది. ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం వదలండి. కిందనుంచి నీళ్లు ధారగా కారి గాలి తిరిగొస్తే థర్మోస్టాట్ మార్చాలి. అసలు చల్లదనమే లేకపోతే లీకు. జాయింట్ల దగ్గర నూనె మరక వెతకండి.

పాత ఏసీ అయితే అందులో పోసింది ఆర్-12 గ్యాసు. అది ఓజోన్ పొరకు చేటు చేస్తుందని కుదిరిన మాంట్రియల్ ఒప్పందంతో దాని తయారీ ఆగిపోయింది. తర్వాత వచ్చిన ఆర్-134ఏ గ్యాసుకు మారాలంటే ఊరికే నింపితే కాదు. పాత మినరల్ ఆయిల్ కొత్త గ్యాసుతో కలవదు. ఆయిల్, చెమ్మ పీల్చే డ్రయ్యర్, జాయింట్లలోని ఓ-రింగులు మార్చి, వ్యాక్యూమ్ లాగి నింపాలి. వంటగ్యాసు కలిపిన చవక మిశ్రమాలు కొందరు పోస్తారు, ఒప్పుకోకండి.

కొత్తగా పెట్టించేవాళ్లు ముందు కరెంటు చూసుకోవాలి. 1967 చివరిదాకా వచ్చిన ఎంజీబీలకు కరెంటు తక్కువిచ్చే పాత డైనమో, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది). బ్లోయర్, కండెన్సర్ ఫ్యాను, క్లచ్చి, రాత్రయితే హెడ్‌లైట్లు, ఇన్నిటినీ డైనమో మోయలేదు. పైగా నెగటివ్ ఎర్త్ అనుకుని కొత్త సామాన్లు కలిపితే ఫ్యాను వెనక్కి తిరుగుతుంది, ఎలక్ట్రానిక్ సామాన్లయితే కాలిపోతాయి. ఎలక్ట్రీషియన్‌తో ఆల్టర్నేటర్ పెట్టించి, ఎర్త్ మార్పించాకే ఏసీ షాపుకు తోలండి.