గ్యాట్స్‌బీ మీద వ్యాసం రాయబోయే విద్యార్థులకు

విజయనగరంలో ఇంగ్లీషు సాహిత్యం చదివే పిల్లలకు చాలా ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. సిలబస్‌లో అమెరికన్ నవల వచ్చేసరికి వాళ్లు నాకు చూపించే వ్యాసాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మొదటి పేజీ నిండా రచయిత జీవితం: స్కాట్ ఫిట్జెరాల్డ్ 1896లో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో పుట్టాడు, 1940లో పోయాడు. తర్వాత రెండు పేజీలు కథ. ఆఖరున అమెరికన్ కల, అంటే కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చనే నమ్మకం, చెదిరిపోయిందని ఒక వాక్యం, ఇది ప్రపంచ సాహిత్యంలోనే మహత్తరమైన నవల అని ఇంకో వాక్యం. ఇందులో రాసిన వాళ్ల ఆలోచన ఎక్కడుందని వెతికితే ఒక్క ముక్క కనబడదు. అంత తెలివైన పిల్లలు అలా రాయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

విశ్లేషణ వ్యాసం అంటే వాదం. నవలలో మీరు ఒకటి గమనించారు. దాన్ని అందరూ వెంటనే ఒప్పుకోకపోవచ్చు. నవలలోని మాటలనే సాక్ష్యంగా చూపించి ఒప్పించాలి. మిగతా నియమాలన్నీ ఈ పనికి సాయంగా వచ్చినవే.

ఫిట్జెరాల్డ్ నవల ‘ది గ్రేట్ గ్యాట్స్‌బీ’నే ఉదాహరణగా తీసుకుంటాను. ఆడంబరంగా విందులిచ్చే గ్యాట్స్‌బీ అనే ధనికుడి కథను అతని పొరుగింట్లో ఉండే నిక్ మనకు చెబుతాడు. 1925 ఏప్రిల్‌లో వచ్చిన ఈ నవలలో తొమ్మిదే అధ్యాయాలు. అమెరికాలో దీని కాపీహక్కు 2021 జనవరి 1తో తీరిపోయింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో పూర్తి పాఠం ఉచితంగా దొరుకుతుంది కాబట్టి పుస్తకం దొరకలేదనే మాట ఇక చెల్లదు. అయితే ఫోనులో చదివినా పక్కన నోటుపుస్తకం, పెన్సిలు ఉండాల్సిందే. ఒకసారి కథ కోసం చదవండి. రెండోసారి చదివేటప్పుడు మీ కన్ను ఎక్కడ ఆగితే అక్కడ అధ్యాయం సంఖ్య, ఆ వాక్యం, ఎందుకు ఆగారో ఒక ముక్క రాసుకోండి. ఈ రెండు చదువులూ అయ్యేదాకా బజారు గైడు తెరవవద్దు. గైడు ముందు చదివితే, నవలలో ప్రతీకలుగా అందరూ చెప్పే పచ్చదీపం, ప్రకటన బోర్డు మీది డాక్టర్ ఎకిల్‌బర్గ్ కళ్లు తప్ప ఇంకేమీ కనిపించవు. అందరూ చూసిందే మీరూ చూస్తారు, అందరూ రాసిందే మీరూ రాస్తారు.

కన్ను ఆగడమంటే ఏమిటో చెబుతాను. మూడో అధ్యాయం మొదట్లో గ్యాట్స్‌బీ ఇంటి విందుల వర్ణన ఉంది. ప్రతి శుక్రవారం న్యూయార్క్ నుంచి ఐదు పెట్టెల నారింజలు, నిమ్మకాయలు వస్తాయి. సోమవారం నాటికి అవే గుజ్జులేని డొప్పలై పెరటి గుమ్మం గుండా గుట్టగా బయటికి పోతాయి. ఈ భాగం చదువుతుండగా గజపతినగరం వైపు పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి, “ఆ డొప్పలు ఎవరు ఎత్తారు మేడమ్?” అని అడిగింది. వాళ్లమ్మ పెళ్లిళ్లలో వంటవాళ్ల వెంట పనికి వెళుతుంది. విందు మర్నాడు పొద్దున్న కల్యాణమండపం ఎలా ఉంటుందో ఆ అమ్మాయికి తెలుసు. అందుకే మిగతావాళ్లు సంగీతం దగ్గర, షాంపేన్ దగ్గర ఆగితే తను డొప్పల దగ్గర ఆగింది. జవాబు కూడా అక్కడే ఉంది: సోమవారాల్లో ఎనిమిదిమంది పనివాళ్లు, అదనంగా పెట్టుకున్న ఒక తోటమాలితో కలిపి, రోజంతా తుడిచి, తోమి, బాగుచేసేవారు. “వాళ్ల పేర్లేమిటో వెతుకమ్మా” అన్నాను. ఆమె ఎంత వెతికినా దొరకలేదు. లేవు కాబట్టి.

వ్యాసం పుట్టేది ఇలాంటి ప్రశ్న నుంచే. మీ ఇంటి నుంచి, మీ ఊరి నుంచి మీరు తెచ్చుకున్న చూపును పరీక్ష హాలు బయట వదిలిపెట్టనక్కరలేదు. అయితే ఆ చూపు ప్రశ్న వరకే పనికొస్తుంది. జవాబు మాత్రం పుస్తకంలో నుంచే రావాలి. మా అమ్మ కష్టం నాకు తెలుసు కాబట్టి ఫిట్జెరాల్డ్ ఇలా అంటున్నాడని రాస్తే అది సాక్ష్యం కాదు.

ప్రశ్న దొరికాక నవలంతా దానితో జల్లెడ పట్టండి. పనివాళ్లు కనబడే చోట్లన్నీ మేమిద్దరం కలిసి పోగుచేశాం. మొదటి అధ్యాయంలో కథకుడు నిక్ ఇంట్లో వంటచేసి పక్క సర్దే ఫిన్లాండ్ దేశపు స్త్రీ ఉంది. ఆమె ఏ దేశస్థురాలో చెబుతాడు కానీ పేరు చెప్పడు. నాలుగో అధ్యాయం మొదట్లో దీనికి సరిగ్గా ఎదురైనది దొరికింది. 1922 జూలై 5 నుంచి అమలయ్యే పాత రైలు టైంటేబుల్ ఖాళీల్లో, ఆ వేసవిలో గ్యాట్స్‌బీ ఇంటికి వచ్చిన అతిథుల పేర్లు నిక్ రాసి పెట్టుకున్నాడు. ఆ జాబితా చాంతాడంత ఉంటుంది. తిని, తాగి, కృతజ్ఞత కూడా లేకుండా పోయినవాళ్లకు పేర్లున్నాయి. వాళ్లు పారేసింది ఎత్తినవాళ్లకు ఎనిమిది అనే అంకె ఉంది. ఆరో అధ్యాయంలో గ్యాట్స్‌బీ గతం వస్తుంది: సుపీరియర్ సరస్సు ఒడ్డున చేపలు పట్టిన కుర్రవాడు, చదువు ఖర్చు కోసం కాలేజీలో ఊడ్చే పనికి ఒప్పుకుని, ఆ పనిని అసహ్యించుకుని రెండు వారాలకే వెళ్లిపోయాడు. ఏడో అధ్యాయంలో, తను ప్రేమించే డైసీ రాకపోకల గుట్టు బయటికి పొక్కకూడదని పాత పనివాళ్లందరినీ ఒక్కసారిగా మాన్పించేశాడు. ఆ సంగతి కూడా నిక్‌కు ఆ ఫిన్లాండ్ స్త్రీ ద్వారానే తెలుస్తుంది. తొమ్మిదో అధ్యాయంలో గ్యాట్స్‌బీ అంత్యక్రియలకు ఆ విందుల అతిథుల్లో వచ్చింది, ఒక విందు రాత్రి గ్యాట్స్‌బీ లైబ్రరీలో కనబడిన గుడ్లగూబ కళ్లద్దాల మనిషి ఒక్కడే. వానలో తడుస్తూ నలుగురో ఐదుగురో పనివాళ్లు, ఊరి పోస్టుమాను వచ్చారు. అక్కడా వాళ్లకు పేర్లు లేవు.

ఇంత పోగయ్యాకే థీసిస్, అంటే మీ వాదమంతా ఇమిడే ఒక్క వాక్యం, రాయాలి, ముందు కాదు. “నవలలో పనివాళ్లు ఉన్నారు” అనేది థీసిస్ కాదు, అది సమాచారం. “ఫిట్జెరాల్డ్ ధనికులను విమర్శించాడు” అనేదీ కాదు, దాన్ని కాదనేవారే లేరు. ఆ అమ్మాయి నాలుగైదు సార్లు కొట్టివేసి చివరికి ఇలా రాసింది: “గ్యాట్స్‌బీ విందులను చెప్పేటప్పుడు నిక్ అతిథులను పేర్లతోనూ పనివాళ్లను అంకెలతోనూ గుర్తుపెట్టుకుంటాడు, ఆ తేడా ద్వారా, ధనికుల నిర్లక్ష్యాన్ని నిందించే కథకుడు కూడా ఆ నిర్లక్ష్యంలో భాగస్వామేనని నవల చూపిస్తుంది.” ఈ వాక్యంతో ఎవరైనా వాదనకు దిగవచ్చు. పైగా ఏమి చూపించాలో, ఏ వరసలో చూపించాలో అందులోనే ఉంది. మీ థీసిస్‌కు కూడా ఈ రెండు పరీక్షలూ పెట్టండి.

తర్వాత మీ మాటకు అడ్డొచ్చేవి మీరే వెతకండి. పిల్లలు ఈ పని చేయడానికి భయపడతారు. నిజానికి వ్యాసానికి బరువు వచ్చేది ఇక్కడే. కష్టజీవులెవరికీ పేరు లేదని రాస్తే తప్పు: బూడిద లోయ అనే పేద ప్రాంతంలో గ్యారేజీ నడిపే జార్జి విల్సన్‌కు పేరుంది, పక్కన కాఫీ హోటలు నడిపే మైకేలిస్‌కూ ఉంది. కాబట్టి వాదాన్ని గ్యాట్స్‌బీ, నిక్ ఇళ్లలో పనిచేసేవాళ్లకే పరిమితం చేయాలి. అలాగే అంత్యక్రియలకు వచ్చినవాళ్లను నమ్మిన పాత బంట్లు అనవద్దు. పాతవాళ్లను మాన్పించాక, తన చీకటి వ్యాపారాల భాగస్వామి వుల్ఫ్‌షీమ్ తాలూకు మనుషులను పెట్టుకున్నానని గ్యాట్స్‌బీయే చెప్పాడు. ఇంత సూక్ష్మంగా చూసినవాళ్లు రాసిన మాటను ఎంత కఠినమైన ఎగ్జామినరైనా తీసిపారేయలేరు.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. నిక్ వేరు, ఫిట్జెరాల్డ్ వేరు. మనది ‘కన్యాశుల్కం’ పుట్టిన ఊరు. 1892లో దాన్ని తొలిసారి ఆడింది ఇక్కడే. గిరీశం చెప్పిన ప్రతి మాటా గురజాడ అభిప్రాయమని ఇక్కడ ఎవరైనా అంటారా? గిరీశాన్ని అలా మాట్లాడించి గురజాడ మనకేమి చూపిస్తున్నాడని కదా ఆలోచిస్తాం. ఆ తెలివినే ఇంగ్లీషు నవలకూ వాడండి. “ఫిట్జెరాల్డ్ పనివాళ్లను పట్టించుకోలేదు” అనడం తొందరపాటు. “నిక్ పట్టించుకోలేదు, ఆ పట్టించుకోకపోవడం మన కంటబడేలా నవలను కట్టారు” అనేది విశ్లేషణ. ఎవరి మీదా త్వరగా తీర్పు చెప్పనని మొదటి పేజీలోనే చెప్పుకున్న మనిషి నిక్. ఆ మాట దగ్గర కూడా మీ పెన్సిలు ఆగాలి.

ఇక పేరాగ్రాఫు సంగతి. ఒక్కో పేరాలో ఒక్క విషయం. మొదటి వాక్యంలో ఆ విషయం చెప్పండి, తర్వాత కొటేషన్, తర్వాత వివరణ. కొటేషన్ ఒక పంక్తి అయితే వివరణ మూడు నాలుగు పంక్తులుండాలి. కొటేషన్ పెట్టేసి “దీన్నిబట్టి తెలుస్తోంది” అని దాటిపోయే అలవాటును వదిలించుకోండి. ఉదాహరణకు నారింజల చోటే చూడండి. వంటింట్లో ఒక యంత్రం ఉంది. అరగంటలో రెండు వందల నారింజల రసం తీస్తుంది. ఎప్పుడు? బట్లర్ బొటనవేలు చిన్న బటన్‌ను రెండు వందల సార్లు నొక్కితే. ఆ ఇంగ్లీషు వాక్యంలో యంత్రమే ముందు వస్తుంది, అన్నీ చేసేది అదే అన్నట్టుంటుంది. మనిషి వాక్యం చివరికి జరిగాడు, అదీ కర్మణి ప్రయోగంలో. మనిషంతా కూడా కాదు, ఒక వేలు. యంత్రం పనిని తేలిక చేసిందనుకుంటాం. కానీ రెండు వందల కాయలకు రెండు వందల నొక్కులు అని లెక్క సమానంగా చెప్పడంతో, ఆదా అయిన శ్రమ ఏమీ లేదని, అది కనబడకుండా మాత్రమే పోయిందని అర్థమవుతుంది. ఒక్క వాక్యం మీద ఇంత రాయవచ్చు. కథ మళ్లీ చెప్పాల్సిన అవసరం దీనిలో ఎక్కడా రాలేదు.

ఉపోద్ఘాతానికి ఒక్క పేరా చాలు: నవల పేరు, రచయిత పేరు, మీరు పట్టుకున్న సమస్య, చివర్లో థీసిస్. పుట్టిన ఊరు, పెళ్లి, అప్పులు వద్దు. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం ఉన్న మాట నిజమే, గ్యాట్స్‌బీ సంపాదన గురించి వాదిస్తుంటే అది కావాలి. నారింజల వ్యాసానికి అక్కరలేదు. నవలలో జరిగేవన్నీ వర్తమాన కాలంలో రాయండి: నిక్ చెబుతాడు, డైసీ ఏడుస్తుంది. ఒక పేరాలో భూతకాలం, ఇంకో పేరాలో వర్తమానం ఉంటే చదివేవారికి చిరాకు. రచయితను ఇంటిపేరుతో ఫిట్జెరాల్డ్ అనాలి, స్కాట్ అనకూడదు. మహత్తరం, అద్భుతం, అజరామరం లాంటివి తీసేయండి. మీరు అంత శ్రద్ధగా చదవడమే ఆ నవలకు మీరిచ్చే గౌరవం.

ఆకృతి విషయంలో మీ కాలేజీ చెప్పినదే పాటించండి. ఎం.ఎల్.ఏ. (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతి అడిగితే కొటేషన్ తర్వాత కుండలీకరణాల్లో పేజీ సంఖ్య వేయాలి, చివర గ్రంథాల పట్టిక ఉండాలి. అన్ని వైపులా అంగుళం మార్జిన్, పంక్తుల మధ్య రెట్టింపు ఖాళీ. నాలుగు పంక్తులు దాటిన కొటేషన్‌ను కొటేషన్ గుర్తులు లేకుండా అర అంగుళం లోపలికి జరిపి విడిగా పెడతారు. పేజీ సంఖ్యలు ప్రచురణను బట్టి మారతాయి. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకే ప్రతి వాడండి. గుటెన్‌బర్గ్ పాఠానికి పేజీలు లేకపోతే అధ్యాయం సంఖ్య ఇవ్వండి.

విమర్శకుల వ్యాసాలు మీ థీసిస్ తయారయ్యాకే చదవండి. పరిశోధన వ్యాసాలు దాచే జేస్టోర్ వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరిచి చాలా చదవవచ్చు. ఒకరిద్దరు చాలు. వాళ్లు చెప్పిన దానితో మీరు ఎక్కడ కలుస్తారో, ఎక్కడ విడిపోతారో రాయండి, వాళ్ల వెనుక దాక్కోవద్దు. ఎవరి ఆలోచన తీసుకున్నా, వాక్యాలు మార్చి రాసినా సరే, వాళ్ల పేరు చెప్పాలి. గైడులోని వాక్యాలు ఎత్తి రాసిన వ్యాసాన్ని నేను రెండో పేరాలోనే గుర్తుపడతాను. మీ ఎగ్జామినర్ కూడా గుర్తుపడతారు.

ముగింపులో థీసిస్‌ను అటు తిప్పి ఇటు తిప్పి మళ్లీ రాయవద్దు. వాదాన్ని ఇంకో అడుగు ముందుకు నడపండి. తొమ్మిదో అధ్యాయంలో ధనిక దంపతులు టామ్, డైసీల గురించి నిక్ చేసే నింద ఉంది: అన్నిటినీ పగలగొట్టి, తమ డబ్బులోకి వెనక్కి జారుకుని, తాము చేసిన చెత్తను ఎత్తిపోసే పని ఇతరులకు వదిలేస్తారని. ఆ అమ్మాయి తన చివరి పేరాలో ఈ వాక్యం తీసుకుని మూడో అధ్యాయంలోని సోమవారం పక్కన పెట్టింది. ఇతరులు అని నిక్ ఇక్కడ పోలికగా వాడిన మాట అక్కడ తుడిచే గుడ్డలతో, బ్రష్షులతో నిజంగా నిలబడి ఉంది. అయినా నిక్ ఆ రెంటినీ ఎక్కడా కలపడు. ఆ ముగింపు చదివి నేను కాసేపు పుస్తకం తెరిచి రెండు చోట్లూ మళ్లీ చూశాను. అన్నేళ్లుగా పాఠం చెప్పిన పుస్తకంలో ఆ రెండు వాక్యాలు నాకెప్పుడూ ఒకదాని పక్కన ఒకటి కనబడలేదు.

శీర్షిక ఆఖరున పెట్టండి. నవల పేరునే శీర్షికగా రాయవద్దు. మీ వాదం ఏమిటో తెలిసేలా ఉండాలి. ఇచ్చే ముందు ప్రతి కొటేషన్‌నూ పుస్తకంతో అక్షరం అక్షరం సరిచూడండి, తర్వాత వ్యాసం మొత్తం పైకి చదవండి. నోరు తడబడిన ప్రతి వాక్యాన్నీ రెండుగా విరిచి మళ్లీ రాయండి.