ఎండలు ముదిరేలోపు గేమింగ్ కంప్యూటర్‌కు చేయాల్సిన పనులు

చలికాలమంతా ఏ పేచీ లేకుండా నడిచిన గేమింగ్ కంప్యూటర్, వేసవి రాగానే మారాం మొదలుపెడుతుంది. ఫ్యాన్లు హోరెత్తుతాయి, గేమ్ నడుస్తూ నడుస్తూ తడబడుతుంది, ఒక్కోసారి దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. హీట్‌సింక్ (చిప్ మీద ఉండే లోహపు రెక్కల దిమ్మ), ఫ్యాన్ కలిసి చేసే పని ఒక్కటే: చిప్‌లో పుట్టిన వేడిని గదిలోని గాలికి అప్పగించడం. ఆ గాలే వేడెక్కితే చిప్ ఉష్ణోగ్రత కూడా అంత మేరా పైకి జరుగుతుంది. గది 22 డిగ్రీలున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డ్ 70 దగ్గర నిలబడిందనుకోండి. అదే గేమ్, అవే సెట్టింగ్స్, అదే ఫ్యాన్ వేగంతో గది 36కు చేరితే కార్డ్ దాదాపు 84 చూపిస్తుంది. లిక్విడ్ కూలర్ పెట్టుకున్నా తప్పించుకోలేం, దాని రేడియేటర్ కూడా ఆ గది గాలి మీదే ఆధారపడుతుంది.

చాలామంది లెక్కలోకి తీసుకోని సంగతి ఇంకొకటుంది. కంప్యూటర్ లాగే కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది. ఆడుతున్నంతసేపూ 500 వాట్లు లాగే సిస్టమ్ అంటే గదిలో 500 వాట్ల హీటర్ వేసుకున్నట్టే. నాలుగు గంటలు ఆడితే 2 యూనిట్లు. ఏసీ ఉంటే ఆ వేడిని బయటికి తోయడానికి మళ్లీ కరెంటు. అందుకే కొత్త ఫ్యాన్లు కొనేముందు అసలు పుట్టే వేడిని తగ్గించుకోమంటాను. దానికి రూపాయి ఖర్చు లేదు, గేమ్ అందం కూడా పెద్దగా చెడదు.

ముందు మీ కంప్యూటర్ ఇప్పుడెలా ఉందో కొలవండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, మీరు ఆడేవాటిలో బాగా బరువైన గేమ్‌ను అరగంట ఆడండి. సీపీయూ, గ్రాఫిక్స్ చిప్, దాని హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు), వీడియో మెమరీ ఉష్ణోగ్రతలు, కార్డ్ తీసుకున్న వాట్లు, దాని క్లాక్ స్పీడ్ (చిప్ పనిచేసే వేగం), ఆ సమయంలో గది ఎంత వేడిగా ఉందో కూడా రాసుకోండి. గది ఉష్ణోగ్రత లేకుండా మిగతా అంకెలకు అర్థం ఉండదు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ వాటికి గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌కు 95, అందులో 7800ఎక్స్3డీకి 89. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090కి 90. ఈ గీత తగలగానే చిప్ కాలిపోదు, తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మీకు కనిపించే తడబాటు చాలాసార్లు అదే. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేమ్‌లు, అంటే బొమ్మలు) బాగానే ఉన్నా మధ్యమధ్యలో ఫ్రేమ్‌లు ఆగి ఆగి వస్తుంటే, ఆ క్షణంలో క్లాక్ స్పీడ్ పడిపోయిందేమో చూడండి. మీ కార్డ్ హాట్‌స్పాట్ కూడా చూపిస్తుంటే, మామూలు ఉష్ణోగ్రతకూ దానికీ 10 నుంచి 20 డిగ్రీల తేడా సహజం. 30 దాటితే చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయిందనో, కూలర్ సరిగా ఆనడం లేదనో అనుమానించాలి.

ఇక వేడి తగ్గించే పని. మొట్టమొదట ఫ్రేమ్ రేట్‌కు హద్దు పెట్టండి. 144 హెర్ట్జ్, అంటే సెకనుకు 144 సార్లు తెరను మార్చే మానిటర్ మీద 230 ఎఫ్‌పీఎస్ వస్తోందంటే, తెర మీదికి రాని ఫ్రేమ్‌ల కోసం కూడా కార్డ్ చెమటోడుస్తోందన్నమాట. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లోనూ, ఏఎండీ అడ్రినలిన్‌లోనూ దీనికి ఆప్షన్ ఉంది. అడాప్టివ్ సింక్ (కార్డ్ పంపే ఫ్రేమ్‌లకు తగ్గట్టు మానిటర్ తన వేగాన్ని మార్చుకోవడం) ఉన్న మానిటరైతే రిఫ్రెష్ రేట్‌కు మూడు నాలుగు తక్కువ పెట్టండి, 144కి 140 అలా. మెనూలు, లోడింగ్ తెరలు మరీ మోసం చేస్తాయి. గీయడానికి ఏమీ లేని ఆ బొమ్మను కార్డ్ సెకనుకు వందలసార్లు గీస్తూ కూర్చుంటుంది. 2021 జులైలో న్యూ వరల్డ్ గేమ్ బీటా (విడుదలకు ముందు పరీక్ష) సమయంలో కొన్ని ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు చనిపోయాయి. వాటిలో సోల్డరింగ్ లోపం ఉందని తయారీదారు తర్వాత చెప్పారు గానీ, ఆ గొడవ తర్వాత గేమ్ మెనూకు ఫ్రేమ్ హద్దు కూడా పెట్టారు. మీ గేమ్‌లో అలాంటి హద్దు ఉందో లేదో చూసుకునే బదులు డ్రైవర్‌లోనే (కార్డ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టేస్తే నిశ్చింత.

రెండోది అండర్‌వోల్టింగ్, అంటే చిప్‌కు ఇచ్చే వోల్టేజ్‌ను తగ్గించడం. దీని మీద ఉన్నంత భయం మరి దేనిమీదా చూడలేదు, నిజానికి భయపడాల్సింది ఏమీ లేదు. చిప్ తినే కరెంటు వోల్టేజ్ వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. అదే వేగం దగ్గర వోల్టేజ్‌ను 1.05 నుంచి 0.90కి దించితే, చిప్ పనిచేయడానికి తీసుకునే కరెంటు లెక్క ప్రకారం నాలుగో వంతుకు పైగా తగ్గాలి. కంపెనీ ఒకే మోడల్‌లోని బలహీనమైన చిప్ కూడా తడబడకుండా అన్నిటికీ కాస్త ఎక్కువ వోల్టేజ్ పెట్టి పంపుతుంది. మీ చేతికొచ్చిన చిప్‌కు అంత అవసరం ఉండకపోవచ్చు.

ఎన్విడియా కార్డ్‌కైతే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి కంట్రోల్, ఎఫ్ కీలు కలిపి నొక్కండి. కింద వోల్టేజ్, పక్కన వేగం చూపించే గీత వస్తుంది. గేమ్ ఆడేటప్పుడు మీ కార్డ్ సాధారణంగా ఏ వేగం దగ్గర ఉంటుందో ముందే రాసుకున్నారు కదా, 1900 మెగాహెర్ట్జ్ అనుకుందాం. కోర్ క్లాక్ స్లైడర్‌తో గీత మొత్తాన్ని ఓ 250 మెగాహెర్ట్జ్ కిందికి దించండి. తర్వాత 900 మిల్లీవోల్టుల దగ్గరున్న చుక్కను మాత్రం పట్టుకుని 1900 వరకు లేపి, అప్లై నొక్కండి. ఆ చుక్కకు కుడివైపు గీతంతా బల్లపరుపుగా మారాలి, అంటే కార్డ్ ఇక 900 మిల్లీవోల్టులు దాటి వెళ్లదు. ఇప్పుడు రే ట్రేసింగ్ (వెలుతురు, ప్రతిబింబాలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) ఉన్న గేమ్‌ను గంటసేపు ఆడండి. గేమ్ మూసుకుపోయినా, డ్రైవర్ రీసెట్ అయినా వేగాన్ని 15 మెగాహెర్ట్జ్ చొప్పున తగ్గించండి, లేదా వోల్టేజ్‌ను 25 మిల్లీవోల్టులు పెంచండి. కొన్ని రోజులు నిలకడగా నడిచాకే, విండోస్‌తో పాటు ఈ సెట్టింగ్ మొదలయ్యేలా టిక్ పెట్టండి. వోల్టేజ్ తగ్గించినంత మాత్రాన కార్డ్ పాడవదు, మహా అయితే గేమ్ క్రాష్ అవుతుంది.

ఇంత ఓపిక లేదంటే పవర్ లిమిట్ స్లైడర్‌ను 100 నుంచి 80కి జరపండి చాలు. కరెంటు 20 శాతం తగ్గినా ఎఫ్‌పీఎస్ అంత తగ్గదు, పెద్ద కార్డుల్లో ఆ తేడా ఆటలో తెలియను కూడా తెలియదు. ఏఎండీ వాళ్లకు అడ్రినలిన్‌లోని ట్యూనింగ్ పేజీలోనే ఇవన్నీ దొరుకుతాయి. రైజెన్ ప్రాసెసర్‌కు బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్) కరెంటు వాడకాన్ని తగ్గించే ఎకో మోడ్ ఉంటుంది. 105 వాట్ల 7600ఎక్స్‌ను 65కి దించితే గేముల్లో పోయేది చాలా స్వల్పం.

గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో అన్నీ ఒకేలా కరెంటు తినవు. రే ట్రేసింగ్, నీడలు, పొగమంచు లాంటి వాల్యూమెట్రిక్ ఎఫెక్ట్స్ బరువైనవి. వాటిని అల్ట్రా నుంచి హైకి దించినా కళ్లకు పెద్ద తేడా కనబడదు. టెక్స్చర్లను (వస్తువుల మీద పరిచే బొమ్మలు) అలాగే వదిలేయండి, అవి మెమరీని నింపుతాయి తప్ప వేడిని పెద్దగా పెంచవు. తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ లాంటివి ఆన్ చేస్తే వేడి తగ్గుతుందంటారు. ఫ్రేమ్ హద్దు పెట్టినప్పుడే అది నిజం. హద్దు లేకపోతే మిగిలిన శక్తినంతా కార్డ్ మరిన్ని ఫ్రేమ్‌లకే ఖర్చుపెడుతుంది.

శుభ్రం చేయడానికి స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, కేబినెట్‌ను గాలి తగిలే చోటికి తీసుకెళ్లండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే అది మామూలుకన్నా వేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఇంట్లో నేల ఊడ్చే వాక్యూమ్ క్లీనర్‌ను బోర్డుకు దగ్గరగా పెట్టకండి, దాని మూతి దగ్గర స్టాటిక్ పుడుతుంది. పవర్ సప్లై కింద ఉండే ఫిల్టర్‌ను మర్చిపోయేవాళ్లు ఎక్కువ, దాన్ని లాగి దులపండి. పవర్ సప్లై పెట్టెను మాత్రం విప్పకండి, ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజ్ మిగిలి ఉంటుంది. గాలి దారి సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి పక్క డోర్ తీసి పది నిమిషాలు ఆడండి. ఉష్ణోగ్రత బాగా పడిపోతే కేబినెట్‌లోకి గాలి చాలడం లేదని అర్థం. అప్పుడు కొత్త ఫ్యాన్ కొనడం న్యాయమే. ఎయిర్ కూలర్ గాలిని మాత్రం నేరుగా కంప్యూటర్ మీదికి తిప్పకండి, దాంతో తేమ, ఒక్కోసారి నీటి తుంపరలు కూడా లోపలికి పోతాయి.

కరెంటు వైపు రెండు ముక్కలు. కొత్త కార్డులకు వచ్చే 16 పిన్నుల కనెక్టర్‌ను పూర్తిగా, సందు కనబడకుండా లోపలికి నొక్కాలి. 2022 అక్టోబరులో 4090 కార్డులతో ఇవి కరిగిపోయిన ఉదంతాలు బయటపడ్డాక, సగం దిగితే కరెంటు అందకుండా పిన్నుల కొలతలు మార్చి 12వీ-2ఎక్స్6 పేరుతో కొత్త రూపం తెచ్చారు. అయినా కనెక్టర్ మొదట్లోనే వైర్‌ను మడవకండి, మూడు నాలుగు సెంటీమీటర్లు తిన్నగా రానివ్వండి. యూపీఎస్ కొనేటప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే వీఏ అంకెను కాదు, వాట్ల అంకెను చూడండి.

కాలిన వాసన వచ్చినా, కనెక్టర్ ప్లాస్టిక్ రంగు మారినా ఆ పూటకు ఆడటం అక్కడితో ఆపి ప్లగ్ పీకండి, కారణం తెలిసేదాకా మళ్లీ పెట్టకండి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి ఆడొద్దు, వెనకభాగం కాస్త ఎత్తులో ఉండాలి, ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఆడేవాళ్లు బ్యాటరీని 80 శాతానికి పరిమితం చేసుకోవాలి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, కింది మూత ఉబ్బినట్టున్నా బ్యాటరీ ఉబ్బిందేమోనని చూడండి. అలాంటి ల్యాప్‌టాప్‌ను ఛార్జింగ్ పెట్టకండి, నొక్కి మూత సరిచేయాలని చూడకండి, బ్యాటరీని పొడవకండి. స్విచ్ ఆఫ్ చేసి, మంటలంటుకునే వస్తువులకు దూరంగా ఉంచి, నేరుగా సర్వీస్ సెంటర్‌కు చూపించండి.