లామీ 2000 కొనే ముందు

చూడగానే మనసు లాగేసే పెన్ను ఇది. డిజైనర్ గెర్డ్ ముల్లర్ గీసిన ఈ జర్మన్ ఫౌంటెన్ పెన్ను 1966లో వచ్చింది. ఇప్పటికీ దాదాపు అదే రూపం. అయినా డబ్బు కట్టే ముందు కాస్త ఆగండి.

ముందు చేతిలోకి తీసుకుని రాసి చూడండి. మూత బిగిసి ఉండడానికి, సరిగ్గా వేళ్లు ఆనే చోట రెండు బుల్లి లోహపు చెవులు పొడుచుకొచ్చి ఉంటాయి. కొందరికి అవి ఉన్నట్టే తెలియదు. నాకు మాత్రం అరపేజీ రాసేసరికి వేలికి ఒత్తుకోవడం మొదలైంది. కాబట్టి ఒక్క సంతకంతో సరిపెట్టుకోకండి, కనీసం పది వాక్యాలు రాయండి.

అవి తెలుగులోనే రాయండి. ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ లాంటి మాటలైతే మంచిది. పాళీ లావుగా రాస్తే ఒత్తుల్లోని సందులన్నీ సిరాతో పూడిపోతాయి. చిన్న అక్షరాలు రాసేవాళ్లు ఎక్స్‌ట్రా ఫైన్, అంటే బాగా సన్నగా రాసే పాళీ అడగండి. పెన్ను కాస్త పక్కకు వాలినప్పుడు గీత తెగుతోందా అన్నది కూడా గమనించండి.

దీనికి కార్ట్రిడ్జ్ (సిరా నింపి అమ్మే చిన్న గొట్టం) పట్టదు. వెనక భాగం తిప్పి బుడ్డిలోంచి సిరా లాగాలి. ఆ ఓపిక ఉందా? నెలల తరబడి సిరాతో వదిలేస్తే లోపల గడ్డకడుతుంది.

పాళీ 14 క్యారెట్ల బంగారం. ఇదే పోలికతో చౌక పెన్నులూ దొరుకుతాయి, అందుకే బిల్లు, వారంటీ ఇచ్చే డీలర్ దగ్గరే కొనండి.

రూపం కన్నా రాతే ముఖ్యమనుకుంటే, రాజమహేంద్రవరంలోని రత్నం కంపెనీ ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నునూ ఒకసారి పట్టి చూశాకే నిర్ణయించుకోండి.