రాళ్ళను చదువుదాం – మూడో పాఠం: ఒడ్డున దొరికింది శిలాజమేనా?

మీ ఊరి గుట్ట ఏ రాయో చూసి నోటుబుక్కులో రాసుకొమ్మని కిందటి పాఠంలో చెప్పాను. నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి, వనపర్తి, ఎక్కడివాళ్ళు చూసినా చాలామందికి గ్రానైటో, దాని దాయాది నైసో అని తేలి ఉంటుంది. ఈ పాఠానికి అదే పునాది. గ్రానైటు భూమి లోపల కరిగిన శిలాద్రవం చల్లారితే ఏర్పడింది. మన దగ్గరిది 250 కోట్ల ఏళ్ళ పైమాటే. అందులో గవ్వ, ఎముక, ఆకు ఉండే వీలే లేదు. అందుకే చేతికి ఏ వింతరాయి దొరికినా, ఇది దేనిలా ఉందని అడిగేకంటే ముందు ఇది ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి.

నది ఒడ్డున ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. ఎండాకాలంలో సోమశిల దగ్గర శ్రీశైలం నీళ్ళు వెనక్కి తగ్గుతాయి, గులకరాళ్ళు తేలుతాయి. బీచుపల్లి దగ్గరా, మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గరా ఇంతే. అక్కడ మీ కాలి కింది రాయి ఆ ఊరిది కాకపోవచ్చు. కృష్ణ పుట్టింది మహాబలేశ్వరం నల్లరాతి మీద, అంటే లావా చల్లారి గట్టిపడిన బసాల్టు మీద. అక్కడి నుంచి ఉత్తర కర్ణాటక సున్నపురాళ్ళ మీదుగా వస్తూ అన్నిచోట్ల నుంచీ కొంచెం కొంచెం ఒడిలో వేసుకొచ్చింది.

ఒడ్డున ఎక్కువమందిని మోసం చేసేది వలయాల రాయి. చేతిలోకి తీసుకోగానే చెట్టు మొద్దు కోసినట్టు గీతలు కనిపిస్తాయి, రాతిచెట్టు దొరికిందని సంబరపడతాం. ఫోను టార్చి వెలిగించి రాయి వెనక పెట్టండి. అంచుల్లోంచి వెలుగు తేనెరంగులో దిగితే అది అగేటు. నల్లరాతిలోని గాలిబుడగల్లో సిలికా పొరలు పొరలుగా పేరుకుంటే తయారవుతుంది, జీవంతో సంబంధం లేదు. వెలుగు దిగకుండా, గీతలన్నీ బోర్లించిన గిన్నెల్లా ఒకే వైపు ఉబ్బి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటే ఆగండి. అది స్ట్రోమటోలైటు కావచ్చు. లోతు తక్కువ నీళ్ళలో జిగట పొరలుగా పెరిగిన సూక్ష్మజీవులు మట్టిని, సున్నాన్ని పట్టుకుని కట్టుకున్న దిబ్బ అది. గోరంత మూల గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వెయ్యండి. సన్నగా నురగ వస్తే సున్నపు జాతి రాయి, అనుమానం బలపడినట్టే. అగేటు మీద ఏమీ రాదు. మన ప్రాంతంలో ఇంతకంటే పాత జీవపు ఆనవాలు ఆశించలేం. కడప వైపు వేంపల్లి సున్నపురాళ్ళలో ఇవి బాగా కనిపిస్తాయి.

ఇప్పుడు ఒడ్డు వదిలి ఇంట్లోకి రండి. తాండూరు బండలో, షాబాదు బండలో పరిచిన ఇల్లయితే నేలమీద నల్లటి ఫెర్ను ఆకులు కనిపిస్తాయి. రాతిలో ఆకు అచ్చు పడిందని పిల్లలకు చూపించని ఇల్లు లేదు. మోకాళ్ళ మీద కూచుని దగ్గరగా చూడండి. ఆకుకు నడిమి ఈనె ఉంటుంది, దాని నుంచి పిల్ల ఈనెలు ఒక క్రమంలో చీలుతాయి, అంచు ఎక్కడో ఒకచోట ముగుస్తుంది. ఈ బొమ్మకు ఈనె లేదు. బండ పగులు దగ్గరో అంచు దగ్గరో మొదలై, తడిగోడ మీద బూజులా ఎటు పడితే అటు కొమ్మలు వేస్తుంది. మాంగనీసు, ఇనుము కరిగిన నీళ్ళు రెండు పొరల మధ్యకు ఇంకి, ఆ నలుపును అలా వదిలాయి. దీన్ని డెండ్రైటు అంటారు. ఇంకొక రుజువు కాలం. ఈ బండల సున్నపురాయి పేరుకున్నప్పటికి నేలమీద ఫెర్ను అనేదే పుట్టలేదు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వే సున్నపురాళ్ళకూ ఇదే మాట. గుల్ల ఉన్న జంతువులు రాకముందటి రాళ్ళవి, వాటిలో గవ్వల కోసం వెతకొద్దు.

నిజమైన గుల్ల కావాలంటే పడమటికి పోవాలి. కొడంగల్, పరిగి, వికారాబాద్ వైపు దక్కను లావా అంచు ఉంది. ఒక లావా ప్రవాహానికీ మరో దానికీ మధ్య విరామంలో చెరువులు ఏర్పడ్డాయి. ఆ చెరువుల మట్టే గట్టిపడి ఇప్పుడు చెకుముకిరాయిలా కనిపిస్తుంది. అందులో ఫైసా అనే మంచినీటి నత్త ఉంటుంది. గుర్తుపట్టడం తేలికే. మొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నత్తల్లో ఎక్కువవాటికి నోరు కుడిచేతి వైపు వస్తుంది, ఫైసాకు ఎడమ వైపు. నల్లరేగడి చేలల్లో తెల్లగా దొరికే నత్తగుల్లలు వేరు. అవి కాగితంలా తేలిక, లోపల వట్టి మట్టి. శిలాజమైతే లోపల కూడా రాయే, చేతికి బరువు తెలుస్తుంది. బాపట్ల సూర్యలంక బీచి నుంచి పిల్లలు జేబుల నిండా తెచ్చే గవ్వలకూ ఈ పరీక్షే పెట్టండి. దాదాపు అన్నీ ఈకాలపు గవ్వలే అని తేలుతుంది. అసలైన చుట్టల శిలాజం చూడాలంటే పూజగదిలోని సాలగ్రామం చూడండి. అందులోని చక్రం అమ్మోనైటు అనే సముద్రజీవి గుల్ల అచ్చు. నేపాల్ గండకీ నదిలో దొరికేది, మన కృష్ణది కాదు.

ఇక మర్యాద సంగతి. ఒకసారి పరిగి దగ్గర చేను గట్టు మీద వంగి రాళ్ళు చూస్తున్నాను. వెనక నుంచి ఒక పెద్దాయన, "ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా, లంకెబిందెలా?" అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ కళ్ళలో అనుమానం ఉంది. తప్పు నాదే, అడగకుండా గట్టు ఎక్కాను. మన జిల్లాల్లో గుప్తనిధుల పేరుతో గుళ్ళు, సమాధులు తవ్వే ముఠాల వల్ల ఊళ్ళు ఎంత నొచ్చుకున్నాయో తెలిసిందే. "రాళ్ళు చూస్తున్న తాతా, తప్పయింది, మీ చేనులకు రావచ్చా?" అని అడిగాను. ఆయనే పక్క వాగులో నత్తల రాయి చూపించాడు. అందుకే పట్టపగలే పోండి, రైతును అడగండి, గడ్డపార పట్టుకెళ్ళొద్దు. తవ్వకండి, మట్టి ఎత్తుకు రావద్దు, విడిగా పడి ఉన్నదే చూడండి. అమ్రాబాద్ వైపు రిజర్వు అడవిలోంచి గులకరాయి కూడా తేవద్దు, అడవిలో రాయి కూడా అటవీ ఉత్పత్తే. కృష్ణ ఒడ్డున చెక్కిన అంచులున్న రాయి దొరికితే అది ఆదిమానవుడి పనిముట్టు కావచ్చు. ఫొటో తీసుకుని అక్కడే ఉంచండి, పురావస్తు శాఖకు చెప్పండి.

మట్టి కూడా ఎత్తుకు రావద్దంటే కొందరికి అతి అనిపిస్తుంది. వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో అలాంటి మట్టి నుంచే డెక్కనోలెస్టిస్ అనే చిన్న క్షీరదం పళ్ళు బయటపడ్డాయి. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ప్రకటించారు. డైనోసార్ల చివరి కాలపు జంతువు, పన్ను ఆవగింజంత. మనం కాలితో తొక్కినా తెలియదు.

తెచ్చుకున్న రాయికి తప్పనిసరిగా చీటీ ఉండాలి. తేదీ, ఊరు, ఎవరి చేను, వాగుకు ఏ వైపు, గట్టు రాయా, నీళ్ళు తెచ్చిన రాయా, పక్కన ఏ రాళ్ళున్నాయి, ఇవన్నీ పెన్సిలుతో అక్కడే రాయండి. తీసేముందు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. నా దగ్గర ఒక మంచి నత్తల రాయి ఉంది, ఒక్క దాంట్లో ఏడు గుల్లలు. ఏళ్ళ కిందట చీటీ లేకుండా డబ్బాలో వేశాను. తెలిసిన ఒక లెక్చరరుకు చూపిస్తే చాలాసేపు తిప్పి చూసి, "ఎక్కడిది?" అని ఒక్క మాట అడిగారు. నేను చెప్పలేకపోయాను. ఆయన రాయిని మెల్లగా నా చేతిలో పెట్టేశారు. అది ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, ఎవరికీ పనికి రాకుండా.

శుభ్రం చెయ్యడానికి నీళ్ళు, మెత్తటి టూత్‌బ్రష్షు చాలు. మెరవాలని నూనె, వార్నిషు పూయొద్దు. ఆసిడ్ జోలికి పోవద్దు.

వచ్చే పాఠం లోపు మీ ఇంటి బండల్లో మూడు డెండ్రైట్లు వెతికి, ఒక్కోటి ఏ పగులు నుంచి మొదలైందో బాణం గుర్తుతో బొమ్మ వెయ్యండి. పక్కనే వేపాకు పెట్టి దాని ఈనెలు కూడా గీయండి. నాలుగో పాఠంలో ఎముకకూ రాయికీ తేడా చూద్దాం. వీలైతే ఈలోపు హైదరాబాద్ బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం చూసి రండి. గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికింది. తొడ ఎముక దగ్గర నిలబడి, దాని చివర ఎలా ఉబ్బిందో గమనించి రాసుకోండి, పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.