డ్రోసోఫిలా (పండ్ల ఈగ) లార్వాలో సినాప్స్, అంటే నరం కండరానికి సిగ్నల్ అందించే చోటు, లెక్కపెట్టాలంటే, అదీ మన ఎండల్లో

గుంటూరు, బెజవాడ వైపు ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టుకి హైవైర్ మ్యూటెంట్ (హైవైర్ అనే జీన్ పనిచేయని ఈగ) తీసుకునేవాళ్ళ కోసం ఇది. మే నెలలో మొదలెట్టేట్టయితే 25 డిగ్రీల ఇంక్యుబేటర్ లేకుండా దిగొద్దు, కరెంటు పోయినా ఆగనిది చూసుకోండి. ఎందుకంటే లార్వా 29, 30 డిగ్రీల్లో పెరిగితే మామూలు ఈగలో కూడా నరం కొమ్మలు ఎక్కువేస్తుంది, అప్పుడిది జీన్ పనా ఎండ పనా అని వైవాలో అడిగితే నోరు మెదపలేం.

అసలు కథేంటంటే, కణం వద్దనుకున్న ప్రోటీన్‌కి యుబిక్విటిన్ అనే 76 అమైనో ఆమ్లాల చిన్న ట్యాగ్‌లు వరసగా తగిలిస్తే ప్రోటియసోమ్ దాన్ని ముక్కలు చేసేస్తుంది. నరంలో ఆ ట్యాగ్ తగిలించేది హైవైర్ ప్రోటీన్, పీకేసేది ఫ్యాట్ ఫేసెట్స్ అనే ఇంకో ప్రోటీన్. హైవైర్ లేకపోతే వాలెండా అనే కైనేజ్ (వేరే ప్రోటీన్లకి ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) పోగుపడి నరం అదేపనిగా పెరుగుతుంది, ఫ్యాట్ ఫేసెట్స్‌ని నరాల్లో ఎక్కువ చేసినా అలాగే పెరుగుతుందని 2001లోనే చూపించారు.

మేత మామూలే, రవ్వ, బెల్లం, అగర్, ఈస్ట్, బూజు పట్టకుండా కాస్త ప్రొపియోనిక్ యాసిడ్. సీసాలో ఈగల్ని కుక్కొద్దు. మేత వదిలేసి గోడెక్కే మూడో దశ లార్వాల్ని తడి బ్రష్‌తో తీయండి. హైవైర్ ఎక్స్ క్రోమోజోమ్ మీదుంది కాబట్టి మగవాటినే మగవాటితో పోల్చండి, వెనక వైపు రెండు పక్కలా గుండ్రంగా గాజులాంటి మచ్చలు కనిపిస్తే మగది.

కాల్షియం లేని సెలైన్ వాడండి, లేదంటే కండరం ముడుచుకుపోతుంది. తలా తోకా పిన్ను గుచ్చి, వీపు మీద తెల్లగా మెరిసే రెండు గాలి గొట్టాల మధ్య సన్నగా కోసి, చర్మాన్ని నాలుగు మూలలా లాగి పిన్ను చేసి పేగు, కొవ్వు తీసేయండి, ఇక్కడే చాలామంది తొందరపడి మెదడు పట్టుకుని లాగేస్తారు, నరాలు ఊడొచ్చేస్తాయి, లార్వా వేస్ట్. తర్వాత కణజాలం చెడకుండా నిలిపే 4 శాతం పారాఫార్మాల్డిహైడ్, ఆపైన నరం పొరని పట్టే యాంటీ హెచ్ఆర్‌పీ అనే యాంటీబాడీ.

మైక్రోస్కోప్‌లో 6, 7 కండరాల మధ్య నరం పూసల దండలా కనిపిస్తుంది, ఆ పూసలే బూటాన్లు, సినాప్స్‌లు ఉండేది వాటిలోనే. ప్రతి లార్వాలోనూ అదే ఖండం, మూడో ఉదర ఖండం అనుకోండి, అక్కడే లెక్కపెట్టాలి. మ్యూటెంట్‌లో బూటాన్లు చాలా ఎక్కువ, కానీ చిన్నవి, పైగా సిగ్నల్ మామూలు కంటే బలహీనంగా ఉంటుంది. అందుకే ఎలక్ట్రోడ్‌తో రికార్డు చేసే రిగ్ మీ ల్యాబ్‌లో లేకపోతే రిపోర్టులో కనెక్షన్ బలపడిందని మాత్రం రాయకండి, బూటాన్లు పెరిగాయని రాసి ఊరుకోండి.